కథ ప్రకారమే చీకటి

రెండు వేల నాలుగో సంవత్సరం వేసవి చివర్లో యానాంలోని ఒక కేబుల్ టీవీ సంస్థలో కంట్రోల్ రూము ఆపరేటరుగా చేరాను. సంస్థ అంటే మూర్తి గారు. కంట్రోల్ రూము అంటే ఆయన మేడ మీద రేకుల గది. నా పైన మూర్తి గారు ఉండేవారు, నా కింద ఎవరూ లేరు. లైన్‌మన్ అప్పారావు బాబాయిది నాతో సమానమైన హోదా. అయితే ఆయన రోజులో సగభాగం స్తంభాల మీద గడిపేవాడు కాబట్టి నన్ను ఎప్పుడూ పైనుంచే చూసేవాడు.

రిటైరయ్యానని చెబితే జనం నా జుట్టు వంక చూసి నవ్వుతారు. నాకింకా నలభై నిండలేదు. ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సులు వచ్చాక మా గదిలో చేయడానికి పనేమీ మిగలలేదు. ఉద్యోగమే వెళ్లిపోతే మనిషి ఒక్కడూ కుర్చీలో కూర్చుని ఏం చేస్తాడు? అందుకని విశ్రాంత ఉద్యోగులు రాసే పద్ధతిలోనే ఇది రాస్తున్నాను.

ముందుగా పని సంగతి. మేడ మీది డిష్‌లు పట్టిన ఛానెళ్లన్నీ ఒక్కొక్కటీ మాడ్యులేటరు అనే ఒక్కో పెట్టె గుండా వచ్చి, ఒకే లావుపాటి తీగలో కలిసి ఊళ్లోకి వెళ్తాయి. దూరం పోయేకొద్దీ సిగ్నలు నీరసిస్తుంది. అందుకని కొన్ని స్తంభాలకొకసారి యాంప్లిఫయరు పెట్టి దాన్ని లేపుతారు. యాంప్లిఫయరుకు బొమ్మకూ చెత్తకూ తేడా తెలియదు కాబట్టి రెండింటినీ కలిపి లేపుతుంది. తీగ ఆఖరున ఉన్న ఇళ్లను మేము ‘లైను చివర’ అంటాం. మా లైను చివర మెట్టకూరు.

నేను ప్రత్యేకంగా చూసుకోవలసింది మా సొంత ఛానెల్. పగలంతా సినిమాలు, పాటలు, రొయ్యల మేత ప్రకటనలు. సాయంత్రాలు సీరియళ్లు. సీడీలు కాకినాడ నుంచి బస్సులో వచ్చేవి. హక్కులు ఎవరివని నేను అడగలేదు, మూర్తి గారు చెప్పలేదు. ప్లేయరు పక్కన ఒక మానిటరు ఉండేది. ప్లేయరు నుంచి నేరుగా వచ్చే బొమ్మ అందులో కడిగిన అద్దంలా కనిపించేది. ఈ మానిటరును గుర్తుంచుకోండి. నేను దాన్ని నమ్మాను.

ఇంకొకటి ఫిర్యాదుల రిజిస్టరు. తేదీ, ఇల్లు, ఛానెల్, ఫిర్యాదు, తీసుకున్న చర్య అని ఐదు గడులు. ఫోను ఎత్తినా, అప్పారావు బాబాయి వచ్చి నోటితో చెప్పినా అందులో రాయవలసింది నేనే.

మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఏడింటికి ‘ఏడో కక్ష్య’ అనే విదేశీ సీరియల్ వేసేవాళ్లం. తెలుగులోకి డబ్బింగు చేసినది. ఒక అంతరిక్ష నౌక, దానికొక కెప్టెను, ఒక డాక్టరమ్మ, ఒక ఇంజనీరు, వారానికి రెండు గ్రహాలు. వాళ్ల దేశంలో అది ఏళ్ల తరబడి నడిచిందట. మా ఊళ్లో కూడా బాగానే నడిచింది, నలభై మూడో భాగం దాకా. నలభై నాలుగులో ఇంధనం కారిపోయి నౌక ఆగిపోయింది. అక్కడి నుంచి ఆరు భాగాల పాటు కదలలేదు. కరెంటు పొదుపు కోసం దీపాలు ఆర్పేస్తారు. మనుషులు ఆ చీకట్లో కూర్చుని, ఉన్న గాలి ఎంతమందికి సరిపోతుందో లెక్కలు వేసుకుంటూ, పాత తగాదాలు తవ్వుకుంటూ ఉంటారు. తుపాకులు లేవు, తోకలున్న జీవులు లేవు.

నాకు ఆ భాగాలు విపరీతంగా నచ్చాయి. ఊరికి నచ్చలేదు.

ఊరికి నచ్చని సంగతి నాకు అప్పారావు బాబాయి ద్వారా తెలిసేది. లైన్‌మన్‌కు ఒక చిక్కుంది. నిచ్చెన మీద రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు కిందనున్నవాళ్లు ఏం చెప్పినా వినాలి, దిగి పారిపోలేడు. సీరియల్ వచ్చిన మర్నాడు ఆయన ఏ స్తంభం ఎక్కినా కింద నలుగురు చేరి విమర్శ మొదలుపెట్టేవారు. మధ్యాహ్నం ఆయన అదంతా మోసుకొచ్చి నా బల్ల మీద దింపేవాడు. నేను ఊరుకోకుండా సమాధానం చెప్పేవాణ్ణి. అప్పట్లో నా దగ్గర ఒక వాక్యం ఉండేది: మిగతా భాగాల్లో నౌక కదులుతుంది గానీ మనుషులు కదలరు, ఈ ఆరింటిలో నౌక కదలదు, మనుషులు కదులుతారు. చాలా గొప్పగా ఉందనుకుని నాలుగైదుసార్లు వాడాను.

అప్పారావు బాబాయి ఆ వాక్యాన్ని తలపాగా విప్పుకుంటూ విన్నాడు.

“ఆళ్లు కదిలితే నాకేంట్రా అబ్బాయ్, మెట్టకూరోళ్లు కదిలిపోతాం అంటన్నారు. అవతలోడి లైను ఏయించుకుంటారంట.”

ఇది మాత్రం వట్టి మాట కాదు. ఊళ్లో ఇంకో ఆపరేటరు కొత్తగా తీగలు లాగుతున్నాడు. మెట్టకూరులో రొయ్యల మేత కొట్టు నడిపే సత్తిబాబు గారి మాట ఆ వీధులన్నింటికీ వేదం. ఆయన అటు మొగ్గితే మొత్తం లైనే పోతుంది.

నేను రిజిస్టరు తీసి ఫిర్యాదు రాసుకున్నాను. మెట్టకూరు, లోకల్ ఛానెల్, ‘ఏడో కక్ష్య’లో బొమ్మ నల్లగా ఉంది, ఏమీ కనిపించడం లేదు. చర్య గడిలో ‘కథ ప్రకారమే’ అని రాశాను. నౌకలో దీపాలు ఆర్పేశారు కదా, నల్లగా ఉండక ఎర్రగా ఉంటుందా. ఆ పేజీలో మెట్టకూరువీ, ఊరికి ఇంకో చివరనున్న ఫరంపేటవీ ఇలాంటివి వరసగా ఉండేవి. ఫరంపేట, చీకటి, కథ ప్రకారమే. మెట్టకూరు, చీకటి, కథ ప్రకారమే. మెట్టకూరు, చీకటి, కథ ప్రకారమే చీకటి. మూడోసారికి విసుగొచ్చి కొంచెం వివరంగా రాశాను.

నలభై ఏడో భాగం వేసిన మర్నాడు మూర్తి గారు రిజిస్టరు తెప్పించుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని రెండు పేజీలు చదివారు. ఆయనకు అరిచే అలవాటు లేదు. అరిచే యజమాని దగ్గర పనిచేయడం తేలిక, ఎప్పుడు అయిపోయిందో తెలుస్తుంది. నలభై ఎనిమిది, తొమ్మిది వదిలేసి సరాసరి యాభై వెయ్యమన్నారు. నౌక ఎప్పుడు కదిలితే అప్పుడే చూపిద్దాం అన్నారు.

నేను ఒప్పుకోలేదు. యాభైలో డాక్టరమ్మ చేతికి కట్టు ఉంటుంది. అది ఎందుకొచ్చిందో నలభై తొమ్మిదిలో ఉంది. ఆ చెయ్యి కాలకపోతే నౌక కదలదు. ఈ సంగతి యజమానికి చెప్పేటప్పటికి నాకు ఇరవై ఏళ్లు. లేని మనిషి కాలని చేతి కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకుంటున్నానని అప్పుడు తోచలేదు.

మూర్తి గారు కళ్లజోడు మడిచారు.

“సరేనయ్యా, శుక్రవారం దాకా నీ ఇష్టం. మెట్టకూరు లైను పోతే మాత్రం ఆ లైనుతో పాటు నువ్వూ వెళ్లు.”

మంగళవారం నలభై ఎనిమిదో భాగం. ఆరున్నరకు అప్పారావు బాబాయి మోపెడ్ మీద వచ్చి, ఆ కదిలే మనుషుల వాక్యమేదో నువ్వే వచ్చి మెట్టకూరులో చెప్పుకో, నేను స్తంభం మీద నుంచి చెప్పలేను అన్నాడు. సీడీ పెడితే ముప్పావుగంట దానంతటదే ఆడుతుంది. మూర్తి గారిని గదిలో కూర్చోబెట్టి, ఏడింటికి ఏ మీట నొక్కాలో చూపించి బయల్దేరాను. దారిలో నా వాదన మూడు అంశాలుగా సిద్ధం చేసుకున్నాను.

బాబాయి నన్ను సుగుణమ్మ టీచరు గారింటికి తీసుకెళ్లాడు. మిషన్ బడిలో పనిచేసి రిటైరైన మనిషి. వీధిలో వాళ్లు సీరియల్ చూడటానికి అక్కడ చేరేవారు. సత్తిబాబు గారు అప్పటికే మడత కుర్చీలో ఉన్నారు. నేనెవరో తెలియగానే ఆయన కుర్చీ కొంచెం నా వైపు తిప్పుకున్నారు.

టీచరు గారు మాత్రం ఎంతో మర్యాదగా మాట్లాడారు. ఈ నాలుగు భాగాలూ చాలా బాగున్నాయని, తాను ఒక్కటీ వదల్లేదని అన్నారు. ఊరంతటికీ కలిపి నాకు దొరికిన మొట్టమొదటి అభిమాని. నా మూడు అంశాలకూ బలం వచ్చింది. ఎందుకు నచ్చిందండీ అని అడిగాను, నలుగురి ముందూ ఆమె నోటితోనే చెప్పిద్దామని.

“రేడియో నాటకంలాగా ఉంది నాయనా. కళ్లు మూసుకుని హాయిగా వింటున్నాను. ఎలాగూ బొమ్మ రాదు కదా.”

అప్పుడు ఏడయింది. మూర్తి గారు సరైన మీటే నొక్కారు. పేర్లు పడ్డాయి, సంగీతం వచ్చింది, ఆ తర్వాత తెర నల్లబడింది. కథ ప్రకారం నలుపు ఎలా ఉండాలో మా గది మానిటరులో చూసినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. కెప్టెను ముఖం ఒక పక్క నీలంగా, వెనక గోడ మీద చిన్న ఎర్ర దీపం. ఇక్కడ కెప్టెను లేడు, గోడ లేదు. బొగ్గుపొడి ఉడుకుతున్నట్టు తెరంతా గింజలు. అందులోంచి ఎవరో ఎవరినో క్షమించమని అడుగుతున్నారు.

“ఆయ్, చెప్పండి,” అన్నారు సత్తిబాబు గారు. “ఇప్పుడు కదులుతున్నది ఎవరండి?”

రెండు వారాలుగా వాళ్లు బొమ్మ నల్లగా ఉందని చెబుతున్నారు. బొమ్మ నల్లగానే ఉంది. అంతకంటే స్పష్టంగా ఫిర్యాదు ఎలా చేస్తారు? చీకటి గొప్పదనం గురించి నేను వాళ్లకు పాఠాలు చెప్పి పంపించాను, అదీ స్తంభమెక్కే మనిషి చేత.

మిగతా కార్యక్రమాల్లో ఎందుకు తెలియలేదంటే, వాటిలో చీకటి ఉండదు. పాటలన్నీ ఎండలో. సీరియళ్లలో దొంగ అర్ధరాత్రి వచ్చినా హాల్లో ట్యూబులైటు వెలుగుతూనే ఉంటుంది. వెలుగున్న బొమ్మలో గింజలు పెద్దగా కనిపించవు. నీరసించిన సిగ్నలును బయటపెట్టింది ఆ ఆరు భాగాలే.

అప్పారావు బాబాయి నన్ను వెనక్కి తీసుకొచ్చాడు. మూర్తి గారి గేటు దగ్గర మోపెడ్ ఆపి, నేను మొదటి వారమే చెప్పానా లేదా అని అడిగాడు. చెప్పాడు. రిజిస్టరులో నా చేతిరాతతోనే ఉంది. ఆ రాత్రి పేజీలు తిరగేస్తే ఇంకొకటి కూడా కనిపించింది. ఊరి మధ్యలోని ఇళ్లవాళ్లు విసుగ్గా ఉందన్నారు, సాగదీస్తున్నారన్నారు. చీకటి అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మాట అన్నవన్నీ దూరపు ఇళ్లే. ఇంటి గడి నేనే నింపాను, చదవలేదు.

బుధవారం పొద్దున్నే ఇద్దరం సిగ్నలు మీటరు పట్టుకుని లైను వెంట నడిచాం. ప్రతి యాంప్లిఫయరు దగ్గరా ఆయన ఎక్కి అంకె చెబుతాడు, నేను కింద రాసుకుంటాను. మెట్టకూరుకు ముందు కాలువ వంతెన దగ్గర అంకె ఒక్కసారిగా పడిపోయింది. తీగను బిగించిన కనెక్టరు విప్పితే లోపలి రాగి చిలుము పట్టి పచ్చగా ఉంది. గోదావరి మీది ఉప్పుగాలి మా ఊళ్లో సైకిళ్లను, కిటికీ ఊచలను తిన్నట్టే దాన్నీ తినేసింది. తీగ కొస కోసి కొత్త కనెక్టరు బిగించాం. అక్కడి యాంప్లిఫయరు కూడా మార్చాం. ఫరంపేట వైపు ఇంకో రెండు బిగింపులు. గురువారం సాయంత్రానికి పని అయిపోయింది. అంతా కలిపి రెండు రోజులు. దీనికి ముందు నేను రెండు వారాలు సాహిత్య విమర్శ చేశాను.

శుక్రవారం నలభై తొమ్మిదో భాగాన్ని నేను మళ్లీ టీచరు గారింట్లోనే చూశాను. కెప్టెను ముఖం నీలంగా కనిపించింది. గోడ మీద ఎర్ర దీపం కనిపించింది. డాక్టరమ్మ వేడిగా కాలుతున్న పైపును పట్టుకుని తిప్పినప్పుడు సత్తిబాబు గారు కుర్చీలో ముందుకు జరిగారు. గెలిచాననుకున్నాను. దీపాలు వెలిగి, నౌక ఒక్క అంగుళం కదిలి, భాగం అయిపోయింది.

సత్తిబాబు గారు లేచి చొక్కా సర్దుకున్నారు.

“బొమ్మ అద్దంలా వచ్చిందండి. ఇప్పుడు చక్కగా కనపడింది, ఇందులో ఏమీ జరగట్లేదని.”

అయితే లైను మాత్రం మార్చనన్నారు. మాట వినే ఆపరేటరైతే చాలు, సీరియల్ సంగతి తర్వాత తిట్టుకుందాం అన్నారు. నా ఉద్యోగం అలా నిలబడింది, నా వాదన వల్ల కాదు. టీచరు గారు నన్ను గేటు దాకా సాగనంపుతూ, నొచ్చుకోవద్దు నాయనా అంటూనే చెప్పారు, ముందే బాగుండేదని. ఆమె ఊహించుకున్న ఇంజను గది చాలా పెద్దదట. ఇది చూస్తే అట్టముక్కలకు రంగు వేసినట్టుంది, ఆ కెప్టెనుకు పొట్ట కూడా ఉంది అన్నారు. ఉన్న ఒక్క అభిమానినీ నేనే చేతులారా పోగొట్టుకున్నాను.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆ గదిలో పనిచేశాను. ప్రతి నెలా ఒక సాయంత్రం లైను చివర ఏదో ఒక ఇంట్లో కూర్చుని మా ఛానెల్ చూసేవాణ్ణి. మూర్తి గారు దాన్ని తన ఆలోచనగా ఊళ్లో చెప్పుకున్నారు. ఆ సంఘటన నేర్పిన పని ఇదే: ఫిర్యాదుకు జవాబు రాసే ముందు, అది చేసినవాడి కుర్చీలో కూర్చుని అదే తెరను చూడాలి. చూశాక కూడా వాదించదలచుకుంటే వాదించుకోవచ్చు. ఆ ఆరు భాగాలూ మొత్తం సీరియల్‌లో మంచివని నేను ఇప్పటికీ అంటాను, అడిగేవాళ్లు లేకపోయినా.

నలభై తొమ్మిదో భాగం వేసిన మర్నాడు, శనివారం పొద్దున రిజిస్టరు తెరిచేసరికి సత్తిబాబు గారి పేరు మీద కొత్త ఫిర్యాదు ఉంది, ఫోనులో మూర్తి గారు రాసుకున్నది. నౌక చాలా నెమ్మదిగా కదులుతోంది. చర్య గడి నా కోసం ఖాళీగా వదిలారు. బొమ్మ ఎలా ఉందో ఫోను చేసి కనుక్కున్నాను. బాగుందన్నారు. అప్పుడు ఆ గడిలో ‘కథ ప్రకారమే’ అని రాశాను.