అవ్వ మడిచీర, నా కరెంటు లెట్రిన్

మా వంశంలో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటోన్ని నేనే. ఆ కొత్తలో నాకు తెలీనిది కూడా ఒకటుంటాదనే సంగతి నాకు తెలీదు. (మా నాయన అయితే బోరు మోటరు ఆగిపోతే సాలు, "ఇంజినీరు వచ్చినాడు, జరగండప్పా" అని నలుగుర్నీ పక్కకు తోసేటోడు. నేను ముట్టుకున్నంక అది పూర్తిగా సచ్చేది, అది వేరే సంగతి.)

ఆదోనిలో లెట్రిన్ సామాన్లు అమ్మి, ఇండ్లల్లో బిగించే ఒక అంగట్లో పనికి చేరితే, మొదటి పని కొండవార ఉండే ఒక పంతులు సారింట్లో పడింది. ఇల్లంతా బండ మీదుంది, గుంత తవ్వేకి లేదు. సారు వాళ్ళ అవ్వ ముసలి మోకాళ్ళతో ముప్పై మెట్లు దిగి కిందుండే పాత లెట్రిన్‌కు పోవల్ల. అందుకే సారు కరెంటు లెట్రిన్ తెప్పించినాడు. మూతేసి బటన్ నొక్కితే లోపలున్నదంతా కాలి పిడికెడు బూడిద అయితాది, పొగ గొట్టంలో మిద్దెపైకి పోతాది. అవ్వ ముందే సెప్పేసింది: "సూడప్పా, ఆ గది గాలి నా మడికి తగిలిందా, నేను మళ్ళా మెట్లే దిగుతా."

"ఇంజినీరింగ్ సదివినా అవ్వా, నాకిడిసిపెట్టు" అని కిటికీ మూసేసి, తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ కొట్టి, అదీ సాలదన్నట్టు పెరటి గోడకు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించినా. అవ్వ పోయొచ్చింది. బటన్ నొక్కి, ఫ్యాన్ వేసి, మెప్పు కోసం వసారాలో నిలబడినా. గదిలోకి గాలి వచ్చే దోవ ఒక్కటీ నేను ఉంచలేదు గదా, ఫ్యాన్ ఏం జేస్తాది పాపం, మిద్దెపైకి పోయే పొగనే గొట్టంలో నుంచి కిందికి గుంజి పెరట్లోకి ఊదింది. సక్కగా తీగ మీద ఆరేసిన అవ్వ మడిచీర మీదికి. సారు కండువాతో ముక్కు మూసుకున్నాడు. నేను ఫ్యాన్ స్పీడు పెంచినా. (అవును, పెంచినా.)

అవ్వ అరవలేదు. "ముందు ఆ ఫ్యాను ఆపు. నువ్వెప్పుడన్నా కట్టెల పొయ్యి ముట్టించినావా?"

"లేదవ్వా, మాయమ్మ ముట్టిస్తాది."

"పొయ్యిలోకి గాలి పోకుంటే పొగ మన మొకానికే కొడ్తాది. మీ కాలేజీలో మీయమ్మను పంతులమ్మగా పెట్టుకోనుంటే సెప్పేది."

ఫ్యాన్ ఊడబీకి, గాలి లోపలికొచ్చేకి బయటి గోడకు కింద జాలీ పెట్టినా. ఆ పొద్దు అవ్వ మళ్ళా తానం జేసి, చీర తడిపి ఆరేసి, మూడింటికి గానీ అన్నం తినలేదు. మరుసటి దినం భయం భయంగా పోతే, పొగా లేదు, వాసనా లేదు. "మెట్లు ఇంగ మీరు దిగండప్పా" అన్నది అవ్వ.

మొన్ననే నన్ను మా ఎమ్మిగనూరు అంగడికి ఇంచార్జిని జేసినారు. (సుట్టాలందరికీ ఫోన్ జేసి సెప్పడం అయిపోయింది, ఇంగ మీరే మిగిలినారు.) ఇప్పుడు యా ఇంటికి పోయినా, గోడకు బొక్క కొట్టే ముందు ఆ ఇంటి ఆడోళ్ళను పిలిచి ఒక మాట అడుగుతా. వసారాలో ఛాతీ ఇరుసుకోని నిలబడిన ఆ పిల్లోన్ని తలుసుకుంటే నవ్వొస్తాది. వానికున్న ధైర్యం మాత్రం నాకిప్పుడు లేదు.