తీగలు లేని ఆఫీసుకు తీగలు లాగాను

ఆఫీసుల్లో ఫోన్లకు, కంప్యూటర్లకు తీగలు కలపడం నా పని. నేను వాడే పనిముట్టును పంచింగ్ టూల్ అంటాం. చూడటానికి లావుపాటి స్క్రూడ్రైవర్‌లా ఉంటుంది. సన్నటి తీగను గాడిలో పెట్టి దానితో నొక్కితే, టక్‌మని తీగ లోపలికి దిగుతుంది, మిగిలిన కొస తెగి కింద పడుతుంది. ఒక్కో కేబుల్లో అలాంటి తీగలు ఎనిమిది.

నిరుడు నానక్‌రామ్‌గూడలో ఒక కొత్త ఆఫీసు పని దొరికింది. అక్కడి మేనేజరు కోస్తా మనిషి, మర్యాదస్తుడు. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"మాది వైర్‌లెస్ ఆఫీసండి. ఎక్కడా ఒక్క వైరు ఉండకూడదు."

"వైఫై డబ్బాలకు వైరు కావాలె గద సార్. లేకుంటే వాటికి నెట్టు యాడికెల్లి వస్తది?"

"ఉంటే ఉండనివ్వండి. కనబడకూడదు, అంతే."

అలా నెల రోజులు నిచ్చెన మీద నిలబడి, తల ఫాల్స్ సీలింగ్‌లో దూర్చి, తీగలు లేని ఆఫీసుకు తీగలు లాగాను. అన్నింటినీ హాలు వెనక చిన్న గదిలోకి తెచ్చి బిగించాను. అవసరానికి ఉంటాయని ఇంకో దారిలో రెండు కేబుళ్ళు ఎక్కువ లాగితే మేనేజరు మనసు కష్టపెట్టుకున్నాడు.

ప్రారంభోత్సవం రోజు ఉదయం నన్ను కింద పార్కింగ్‌లో ఉండమన్నారు. నా బట్టలు పైన జనంలో బాగుండవట. ఇంకో అరగంటలో కార్యక్రమం అనగా మేనేజరు ఫోన్ చేశాడు.

"హాల్లో నెట్ పోయిందండి. వెంటనే రండి. సామాన్ల లిఫ్టులో రండి."

పైకి వెళ్ళి చూస్తే, అప్పుడే గోడకు బిగించిన పెద్ద బోర్డు: 'వైర్లకు ఇక సెలవు'. బోర్డు బిగించినవాళ్ళు డ్రిల్లు దింపింది సరిగ్గా నా కేబుళ్ళు వెళ్ళే పైపులోకి. అందులోవి అన్నీ తెగిపోయాయి. బోర్డు మాట మీద నిలబడింది.

మిగిలింది ఆ రెండు అదనపు కేబుళ్ళే. అతిథులు కూర్చునేలోపు నిచ్చెనెక్కి వాటి కొసలను హాల్లోని వైఫై డబ్బాలకు తగిలించి, చిన్న గదిలోకి దూరి తలుపేసుకున్నాను. ప్రసంగం అయ్యాక పెద్ద తెర మీద విదేశీ ఆఫీసుతో మాట్లాడాలట. ఒక్కో తీగను గాడిలో పెట్టి నొక్కుతున్నాను. మధ్య గోడ పలచటి చెక్క. ముఖ్య అతిథి మాటలన్నీ నాకు వినబడుతున్నాయి, నా చప్పుడు ఆయనకూ వినబడుతోంది.

"తీగలన్నవి పాతకాలపు ముచ్చట."

టక్.

"ఇక అంతా గాలిలోనే జరుగుతుంది."

టక్.

ఆయన ఆగాడు. "ఆ చప్పుడేమిటి?"

"ఏసీ సార్, కొత్తది," అన్నాడు మేనేజరు.

కొత్త ఏసీ ఇంకో పద్నాలుగుసార్లు చప్పుడు చేసింది. పదహారో తీగ దిగాక, నెట్టు వచ్చినట్టు పచ్చ దీపం వెలిగింది. అవతల చప్పట్లు మోగాయి. నిజం చెప్పాలంటే నాకూ గర్వంగానే అనిపించింది.

మేనేజరు తలుపు కొంచెం తెరిచి నా చెయ్యి పట్టుకున్నాడు. "కాపాడారండి. కాసేపు మాత్రం బయటికి రాకండి. ఫొటోలు తీస్తున్నారు."

గంట తర్వాత ఊడ్చే అక్క రెండు సమోసాలు తెచ్చి, నేల మీద కూర్చున్న నన్ను చూసింది. "ఏందన్నా, నిన్ను గిట్ల లోపలేసిండ్రు?"

"ఫొటోల పడకుండ, అక్కా."

"నన్ను గూడ పొద్దుగాల్ల నుంచి వంటరూములనే ఉండమన్నరు," అని ఆమె కూడా పక్కనే కూర్చుని ఒక సమోసా తీసుకుంది.

దిగి గేటు దగ్గరికి వస్తే సెక్యూరిటీ ఆపాడు. పనిముట్టు బయటికి పోవాలంటే చిట్టీ కావాలి. మళ్ళీ పైకి వెళ్ళాను. చిట్టీ మీద పనిముట్టు పేరు దగ్గర మేనేజరు పెన్ను ఆగింది. వైర్లు కలిపేది అని రాస్తే రేపెవరైనా చదువుతారు. చివరికి 'స్టేప్లర్, ఒకటి' అని రాసి సంతకం పెట్టాడు.

సెక్యూరిటీ చిట్టీ చదివాడు, టూల్‌ను అటూ ఇటూ తిప్పాడు. "ఇది స్టేప్లరా?"

"సార్ రాసిండు గద."

"అయితే స్టేప్లరే," అని గేటు తీశాడు.