లెక్కలోకి రాని బంతులు

టూవూంబా నుంచి న్యూకాసిల్ వెళ్ళే బస్సు ఉదయం ఏడింటికి బయల్దేరుతుంది. మీలో ఎవరైనా ఆ దారిన వెళ్తే కుడివైపు సీటు అడిగి తీసుకోండి, పొద్దుటి ఎండ ఎడమవైపు వాళ్ళ మొహాన కొడుతుంది. నాకు ఎంచుకునే తీరిక లేకపోయింది. పద్నాలుగు మంది కుర్రాళ్ళు, వాళ్ళ బ్యాట్ల సంచులు, హెల్మెట్లు, ఐసు పెట్టె, వీటన్నిటినీ ఎక్కించేసరికి ఎడమవైపు ముందు సీటు ఒక్కటే మిగిలింది. బ్యాట్లు లోపలికి తేవద్దని డ్రైవరు నా మీద అరిచాడు. సంచులన్నీ నేనే కింద అరలో సర్దించాను. అంతా అయ్యాక మా కోచ్ గ్రెగ్ కాఫీ కప్పు పట్టుకుని పెళ్ళికొడుకులా నడిచొచ్చాడు. నాకు ఒళ్ళు మండటం అక్కడ మొదలైంది.

ఎనభైల చివర ఒక సెప్టెంబరు అది. నేను కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. బేస్‌బాల్ టీమ్ మేనేజరు పని నా నెత్తికి ఎలా చుట్టుకుందంటే, చిన్నప్పుడు తెనాలిలో మా అన్నయ్యల క్రికెట్ మ్యాచ్‌లకు స్కోరు రాసేదాన్నని ఇక్కడివాళ్ళు బార్బీ అని పిలిచే పెరటి విందులో, మాంసం కాలుస్తుండగా, నోరు జారాను. "అయితే మా స్కోరు పుస్తకం మీరే రాయాలి సుగుణా" అన్నాడు గ్రెగ్. పుస్తకంతో పాటు టికెట్లు, మోటెల్ గదులు, భోజనాలు, మురికి సాక్సులు కూడా వచ్చిపడ్డాయి.

ఈసారి వెళ్తున్నది సీజన్ ముగిశాక కాలేజీలన్నీ ఆడే టోర్నమెంటుకి. దారిలో ఆర్మిడేల్‌లో ఒకటి, టామ్‌వర్త్‌లో ఒకటి ప్రాక్టీసు మ్యాచ్‌లు పెట్టుకున్నాం. మా బలమంతా ఒక్క పిచర్ మీదే ఉంది. క్రికెట్‌లో బౌలర్ ఎలాగో ఈ ఆటలో పిచర్ అలాగ. కాకపోతే ఓవర్ అయిందని కాసేపు పక్కకు తప్పుకునే వీలు లేదు, వరసగా విసురుతూనే ఉండాలి. ఆ పిచర్ మా ఊళ్ళో డాక్టరుగారబ్బాయి సునీల్. రెండేళ్ళప్పుడు రాజమండ్రి నుంచి వచ్చాడు, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. అంతకు ముందు నెల వాడి మోచెయ్యి వాచింది. అందుకే వాళ్ళమ్మ లలిత బస్సు దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ కోచ్ మాట మీద నాకు నమ్మకం లేదు. మీరున్నారనే పంపుతున్నాను. వాడి చెయ్యి పాడవకుండా చూడండి."

"నాదీ పూచీ లలితా. వాడు వేసే ఒక్కో బంతీ రాస్తాను" అన్నాను.

గ్రెగ్ కూడా నా ఎదుటే లలితకి మాటిచ్చాడు. ఆర్మిడేల్‌లో యాభై బంతులు, టామ్‌వర్త్‌లో పూర్తి విశ్రాంతి, న్యూకాసిల్‌లోనే అసలు ఆట.

వార్విక్ ఎనిమిదింటికి, టెంటర్‌ఫీల్డ్ పదింటికి. అక్కడ ఇరవై నిమిషాలు ఆపుతారు. టీ వేడిగా ఉంటుంది, మాంసం కూరి కాల్చిన 'పై' మాత్రం లోపల చల్లగా ఉంది. నా పక్కన గ్లెన్ ఇన్నెస్‌లో దిగే పెద్దావిడ ఒకామె అల్లిక పని చేసుకుంటూ వెనక్కి చూసి, "ఈ అబ్బాయిలంతా నీవాళ్ళేనా?" అంది. "దేవుడి దయవల్ల కాదు" అన్నాను. ఆవిడ నవ్వి నాకో పిప్పరమెంటు ఇచ్చింది.

ఆర్మిడేల్ పన్నెండున్నరకి చేరాం. సెప్టెంబరయినా గాలి చలిగానే ఉంది, శాలువా తెచ్చుకోవడం మంచిది. మధ్యాహ్నం మ్యాచ్‌లో నేను బల్ల దగ్గర కూర్చుని గీతలు పెట్టాను. సునీల్ వేసినవి నలభై ఎనిమిది. గ్రెగ్ మాట నిలబెట్టుకున్నాడని సంతోషించాను కూడా. నా తెలివి అలా ఏడిసింది.

సాయంత్రం మోటెల్‌లో ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా తీశాను. తెల్ల కుర్రాళ్ళు ఎల్లో రైస్ అంటూ ఎగబడ్డారు. సునీల్ ఎప్పుడూ చేత్తోనే కలుపుకుని తింటాడు, వాడి స్నేహితులు వేళాకోళం చేసినా లెక్కచెయ్యడు. ఆ పూట ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు.

"ఏరా, ఎడమచేత్తో తిండేమిటి? మీ అమ్మ చూస్తే వీపు చీరేస్తుంది."

"జస్ట్ టైర్డ్, ఆంటీ. ఐ యామ్ ఫైన్."

నలభై ఎనిమిది బంతులకే ఇంత అలసటా? సీజన్‌లో తొంభై వేసి వచ్చి నా ఎదుటే రెండు ప్లేట్లు లాగించినవాడు! నాకు మనసులో తేడా కొట్టింది. కానీ నా పుస్తకం చూసుకుంటే అంతా సవ్యంగానే ఉంది.

మర్నాడు తొమ్మిదింటికి బయల్దేరి పదిన్నరకల్లా టామ్‌వర్త్ చేరాం. సునీల్‌కి ఆ రోజు విశ్రాంతి, పేరు మొదట ఆడేవాళ్ళ జాబితాలో లేదు. మ్యాచ్ మొదలయ్యాక వాడు బెంచీ మీద కనిపించలేదు. పుస్తకం ఇంకో కుర్రాడికి అప్పగించి, నీళ్ళ సీసా తీసుకుని వెతుక్కుంటూ వెళ్ళాను. మైదానం చివర కంచె వెనక పిచర్లు చెయ్యి వేడెక్కించుకునే చోటు ఒకటి ఉంటుంది, దాన్ని బుల్‌పెన్ అంటారు. సునీల్ అక్కడ బంతులు విసురుతున్నాడు, పూర్తి బలంతో! నేను లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. కూర్చోమన్నారు, కూర్చున్నాడు. పావుగంట తర్వాత గ్రెగ్ దూరం నుంచి చెయ్యి ఊపాడు. మళ్ళీ లేచాడు, ముప్పై అయిదు. మళ్ళీ కూర్చున్నాడు. మూడోసారి నలభై ఒకటి. అసలు మ్యాచ్‌లోకి పిలవనే లేదు. నా పుస్తకంలో ఆ రోజు సునీల్ పేరే లేదు, వాడి చెయ్యి మాత్రం నూట పద్నాలుగు బంతులు వేసింది.

"నిన్న కూడా ఇంతేనా?" అని అడిగాను. వాడు తలొంచుకున్నాడు. "ఆల్ సీజన్, ఆంటీ."

గ్రెగ్ దగ్గరికి వెళ్ళి అడిగాను. టీమ్ కష్టాల్లో పడితే వాడుండాలి కదా, అందుకే సిద్ధంగా ఉంచానన్నాడు. "అది పిచింగ్ కాదు సుగుణా, ఒట్టి వార్మప్. అవి లెక్కలోకి రావు. నీకు ఆట తెలియదు, నోరు మూసుకో" అని నవ్వాడు.

"ఏవి లెక్కలోవో ఏవి కావో వాడి మోచేతికి తెలుసా?" అని ఇంగ్లీషులోనే అరిచాను. తర్వాతి మాటలు తెలుగులో వచ్చాయి, అవి రాయను. తల్లి ముందు మాటిచ్చి ఇంత పని చేస్తాడా! విశ్రాంతి అని చెప్పి వంద బంతులు వేయించినవాణ్ణి ఏమనాలి?

గదికి వచ్చి కూర్చున్నాక ఆ కోపం నా మీదకే మళ్ళింది. క్రికెట్‌లో ఓవర్ మొదలయ్యే ముందు బౌలర్ వేసుకునే బంతుల్ని స్కోరరు రాయడు. తెనాలిలో నేర్చుకున్న ఆ అలవాటునే ఇక్కడికి మోసుకొచ్చాను. సీజన్ సాగిన ఇరవై వారాలూ బుల్‌పెన్ కంచె వైపు తల తిప్పి చూడలేదు. వాడి తండ్రి అనుమానం వచ్చి అడిగినప్పుడల్లా గ్రెగ్ చూపించింది నా పుస్తకమే. నా చక్కటి చేతిరాత చూసి డాక్టరుగారు ఊరుకున్నారు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మూడోరోజు మధ్యాహ్నానికి న్యూకాసిల్. బస్టాండు నుంచి సముద్రం దగ్గరే, కానీ నేను చూడలేదు. ఆ పై రోజు ఉదయం తొమ్మిదిలోపు ఆటగాళ్ళ పట్టీ టోర్నమెంటు ఆఫీసులో ఇవ్వాలి. దాని మీద కోచ్ సంతకం అక్కర్లేదు, మేనేజరు సంతకం కావాలి. ఇన్నాళ్ళూ గ్రెగ్ రాసిచ్చిన దాని మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టేదాన్ని. ఈసారి సునీల్ పేరు అడ్డంగా కొట్టేసి, పక్కన 'మోచేతి గాయం' అని రాసి ఇచ్చేశాను.

మైదానంలో గ్రెగ్ మొహం దుంపలా ఎర్రబడింది. నన్ను ఏమేం అన్నాడో అవీ రాయను. కుర్రాళ్ళు ఒక్కడూ నా వైపు చూడలేదు. అందరికంటే ఎక్కువ మండిపడ్డది సునీలే.

"యూ హాడ్ నో రైట్! యూ ఆర్ నాట్ మై మమ్!"

"కాదురా. మీ అమ్మయితే ఈపాటికి నీ చెవి పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళేది" అన్నాను.

రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం. టోర్నమెంటు వాళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మంటే సునీల్ రానన్నాడు. బలవంతంగా తీసుకెళ్ళడానికి వాడేమీ పసివాడు కాదు, పందొమ్మిదేళ్ళవాడు.

తిరుగు బస్సు కూడా ఉదయం ఏడింటికే. ఈసారి కుడివైపు ఎండ. పదకొండు గంటల ప్రయాణం, మొదటి ఎనిమిది గంటలూ డ్రైవరు తప్ప నాతో ఎవరూ మాట్లాడలేదు. మూడింటికి టెంటర్‌ఫీల్డ్‌లో ఆగాం. అందరూ దిగి తిరుగుతున్నారు. సునీల్ ఒక జ్యూసు సీసా కొనుక్కుని బస్సు మెట్టు దగ్గర నిలబడ్డాడు. కుడిచేత్తో మూత తిప్పబోయాడు, కాలేదు. చొక్కా అంచు చుట్టి మళ్ళీ తిప్పాడు. వేళ్ళు ముడుచుకోవడం లేదు. రెండు నెలల కిందట మీదికి వచ్చే బంతిని ఆ వేళ్ళతోనే గాల్లో అందుకునేవాడు. వాడు నన్ను చూశాడు. మొహం పక్కకు తిప్పుకుని, సీసా నా వైపు చాపాడు. మూత తీసి ఇచ్చాను.

"డోంట్ టెల్ మమ్, ఆంటీ."

"చెప్తాను. నీ చెయ్యి సంగతీ చెప్తాను, నేను రాసిన పుస్తకం సంగతీ చెప్తాను."

వాడు కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. సీసా వైపే చూస్తూ చాలా మెల్లగా అన్నాడు: "ఇఫ్ యూడ్ లెట్ మీ, ఐ వుడ్ హావ్ థ్రోన్. ఈవెన్ లైక్ దిస్."

"తెలుసురా. అందుకే నీ పేరు కొట్టేశాను."

బస్సు బయల్దేరింది. దారి మంచిది, పచ్చటి కొండలు, శుభ్రమైన మోటెళ్ళు, మీరు తప్పకుండా వెళ్ళండి. నా మటుకు నాకు ఆ దారంతా కోపంగానే గుర్తుంది. గ్రెగ్ మీద కోపం ఆ ఏడాదిలోనే తగ్గింది. ఇరవై వారాలు తల తిప్పని మనిషి మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆరింటికి టూవూంబా వచ్చింది. లలిత బస్టాండులో నిలబడి మమ్మల్ని చూసి చెయ్యి ఊపుతోంది. సునీల్ కూడా ఊపాడు, ఎడమచేత్తో. నేను వాడికంటే ముందు దిగాను.