అన్న ఒళ్ళు చేసిన వేసవి

మా అమ్మ బైబిలు మీద కుడిచెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. ఎడమచెయ్యి ఎక్కడుందని మాత్రం అడగొద్దు.

సాగర్ ఆనకట్ట కడుతున్న రోజులవి. మా అన్న మాచర్ల దగ్గర నాపరాళ్ళ గనిలో పదిహేనేళ్ళు ఉలి పట్టాడు. నేను ఆ రాళ్ళను ఎద్దుబండి మీద రెంటచింతలకు తోలేవాణ్ణి. రాతిదుమ్మంతా అన్న రొమ్ములో చేరింది. ఆయన దగ్గితే మా చూరులో పిచ్చుకలు లేచి, కృష్ణ దాటి నల్లగొండ జిల్లాలో వాలేవి.

దగ్గినందుకు ఆయనకు దక్కని వైభోగం లేదు. ఇంట్లో ఉన్న రెండు దిండ్లూ ఆయన వీపుకే. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదట. పొద్దున్నే ఉడికిన గుడ్డు. ఆదివారం చర్చిలో ఆయన కోసం ప్రార్థన. నాకొకసారి మూడు రోజులు కడుపునొప్పి వస్తే ఒక్కరూ మోకాలు వంచలేదు.

ఆ వేసవిలో అన్న ఒళ్ళు చేశాడు. పాదాలు నున్నగా అయ్యాయి, పిక్కలు బలిశాయి, పొట్ట వచ్చింది. మా వైపు ఎండల్లో ఒళ్ళు చేసినవాణ్ణి ఎవరూ రోగి అనరు, అదృష్టవంతుడంటారు.

"చూశావట్రా, గుడ్డు ఒంటికి పట్టింది," అంది అమ్మ.

"చానా పట్టింది. ఇంక నాకు పెట్టు. ఇంకాస్త బలిస్తే గుమ్మం పడగొట్టాల."

అన్న నవ్వబోయి ఆయాసపడ్డాడు. "పెట్టవే అమ్మా. వాడి ఏడుపుకే నాకు అరగట్లా."

వదిన మాత్రం ఆయన పాదాల వైపు చూసింది.

మర్నాటి నుంచి గుడ్డు నాది.

వారం తిరక్కముందే అన్న కాళ్ళకు చెప్పులు పట్టలేదు. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు నల్లబడ్డాయి. నేను పిక్క మీద బొటనవేలు నొక్కి చూశాను. గుంట పడింది, వేలు తీసినా పూడలేదు. ఆ పూటే ఆయన్ని బస్సెక్కించి నరసరావుపేట తీసుకెళ్ళాను.

"ఇది కండ కాదు, నీరు," అన్నాడు డాక్టరు. "దుమ్ముకి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. వాటిలోకి రక్తం తోసీ తోసీ గుండె కుడిపక్క అలిసిపోయింది. అది తోయలేక, నీరు కాళ్ళకు చేరింది."

"జబ్బు ఊపిరితిత్తులదైతే గుండెకేందండీ?"

"బాట చెడితే నలిగేది ఎద్దే గదా."

నీరు దిగడానికి మందు, ఉప్పులేని కూడు, గని బంద్. నీరంతా దిగాక చూస్తే దుప్పటి కింద ఎముకలే మిగిలాయి. అన్న మరో రెండు వానాకాలాలు చూశాడు.

పిచ్చుకలు కృష్ణ దాటలేదని మీకెలాగూ తెలుసు. నేను కల్పించింది అది కాదు. పిక్క నొక్కి చూసిందీ, బస్సెక్కించిందీ, డాక్టర్ని అడిగిందీ మా వదిన. బస్సు కదిలేటప్పటికి నేను గుమ్మంలో కూర్చుని గుడ్డు ఒలుచుకుంటున్నాను. కిటికీలో అన్న తల ఆమె భుజం మీద వాలి ఉంది. అది చూసి కూడా నాకు కుళ్ళే పుట్టింది.