కనపడలేదు అను, లేదు అనకు

మేడమ్ పోయిన కబురు నాకు మెట్రోలో తెలిసింది. రైలు మెట్టుగూడ దాటుతుండగా మా పాత రీసెర్చ్ స్కాలర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో "మేడమ్ ఇక లేరు" అని పెట్టారు. తార్నాక స్టేషన్ వచ్చేలోపు గ్రూపంతా చేతులు జోడించిన బొమ్మలే. "అమ్మలాంటి మనిషి" అని ఒకరు, "వెన్నలాంటి మనసు" అని ఇంకొకరు. నాకు ఒళ్లు మండింది. వీళ్లలో సగం మంది ఆమె గది తలుపు తట్టే ముందు ఇష్టదైవానికి మొక్కుకున్నవాళ్లే. వెన్నట, వెన్న! ఆమె దగ్గర పీహెచ్‌డీ చేసినదాన్ని నేను. ఆవిడ ఎలాంటిదో నన్నడగండి.

క్యాంపస్‌లో ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌లో ఆమె స్టాటిస్టిక్స్ చెప్పేవారు. అనంతపురం వైపు మనిషి. బతుకంతా తార్నాకలోనే గడిచినా యాస ఇసుమంత కూడా మారలేదు. ఆమె దగ్గర ఒక ఆచారం ఉండేది. ఏ స్కాలరైనా సరే, ప్రశ్నపత్రాలు పట్టుకుని బడులకు బయలుదేరే ముందు డిపార్ట్‌మెంట్ వరండాలో అందరి ముందూ నిలబడాలి. తన ఊహ ఏమిటో గట్టిగా చెప్పాలి. అప్పుడామె ఒకటే ప్రశ్న వేసేవారు.

"ఏం కనపడితే నువ్వు ఓడిపోయినట్లు? అది ముందే చెప్పిపో."

చెప్పలేకపోతే వెనక్కి పంపేసేవారు. చెబితే తన స్టీలు ఫ్లాస్కులోంచి టీ వంచి ఇచ్చేవారు. ఆమె చేతి టీ దొరికేది ఆ ఒక్క రోజే. మర్నాటి నుంచి మళ్లీ చీవాట్లే.

సాయంత్రం క్యాంపస్ నుంచి ఇంటికి నడిచే పోయేవారు. మేం వెంట నడుస్తూ చాప్టర్ల గురించి అడిగేవాళ్లం. తార్నాక మూల మీద ఒక జామకాయల బండి ఉండేది. బండాయన ఒక కాయ కోసి, ఉప్పూ కారం అద్ది ముక్క అందించేవాడు. "షక్కర్ ఉన్నట్టున్నది తల్లీ, దీస్కో" అనేవాడు. ఆమె నమిలి, "ఇదొక్కటి తియ్యగుండాది. ఇంకో కాయ కొయ్యి" అనేవారు. అది కూడా బాగుంటే మూడోది, అదీ వేరే పక్క నుంచి. "ఒక్క కాయతో గంప రుచి చెప్పగూడదు" అని మావైపు తిరిగి పాఠం చెప్పేవారు. ఆ బండాయన ఓపికకు మాత్రం నిజంగా దండం పెట్టాలి.

ఇక నా సంగతి. సర్కారు బళ్లలో తొమ్మిదో తరగతి పిల్లలకు పరీక్షలంటే ఉండే భయం మీద నా పరిశోధన. పరీక్షకు ముందు పిల్లలు తమ భయాన్ని కాగితం మీద రాసి, చించి పారేయాలి. అలా చేసిన వాళ్లకు, చేయని వాళ్లకంటే భయం తగ్గుతుందని నా ఊహ. అంబర్‌పేట్, బౌద్ధనగర్ బళ్ల చుట్టూ ఎండనక వాననక తిరిగాను. కాగితాలు చించేటప్పుడు ఆ పిల్లల కేరింతలు చూడాలి! ఒక పిల్ల చించిన ముక్కల్ని కాలితో తొక్కి మరీ పరీక్షకు కూర్చుంది. నేను గెలిచేశాననే అనుకున్నాను.

లెక్క చేస్తే గ్రూపులు రెండిటికీ మధ్య వచ్చిన తేడా చిటికెడు. అంత మాత్రం తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు. ఇలాంటి పరిశోధనలో ముందు "తేడా ఏమీ లేదు" అనుకునే మొదలుపెట్టాలి. ఆధారం గట్టిగా దొరికితేనే ఆ మాట వదలాలి. నాకు దొరికింది గట్టి ఆధారం కాదు.

నాతోపాటు చేరిన స్నేహితురాలు, వేరే గైడ్ దగ్గర చేసేది, క్యాంటీన్‌లో ఉపాయం చెప్పింది. "గా భయం తగ్గని నలుగురైదుగురు పిల్లల పేపర్లు తీసేయే. సక్కగ నింపలేదని రాయ్. అయిపోతది. అందరు చేసేదే గదా." తనూ అదే చేసింది. తనకు ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది.

నేను మేడమ్ దగ్గరికి వెళ్లాను. "మేడమ్, గీ పిల్లలు ఆ దినం మనసు పెట్టి నింపలే. వీళ్లవి తీసేస్త."

ఆమె తల ఎత్తలేదు. "ఫలితం రాకముందు చెప్పింటివా ఈ మాట?"

"లేదు మేడమ్."

"ఫలితం నీ పక్కకొచ్చింటే తీసేస్తాంటివా?"

నేను చేతిలోని పేపర్ల అంచులు సర్దాను.

"అయితే ఉండనీ."

పోనీ, రెండింటికీ తేడా లేదని రాసి గొడవ వదిలించుకుంటాను అన్నాను. అప్పుడు ఎత్తారు తల. "లేదు అనేదానికి నువ్వెవరు? కనపడలేదు అను. లేదు అనకు. నీ జల్లెడ కండ్లు పెద్దవేమో, రాయి చిన్నదేమో, నీకేం తెలుసు?"

అంటే గెలిచానని చెప్పుకోనివ్వదు, ఓడిపోయానని చెప్పి ఏడవనివ్వదు. థీసిస్ సమర్పించే ముందు సెమినార్‌లో, డిపార్ట్‌మెంట్ మొత్తం కూర్చుని ఉండగా, నేను నోరు విప్పకముందే ఆమె లేచి, "ఈ పిల్ల ఇన్నేండ్లు ఎండలో తిరిగింది. ఏమీ కనపడలేదు. ఆ మాటే చెప్తాది, వినండి" అన్నారు. వెనక వరసలో కిసుక్కుమన్న నవ్వు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

తర్వాత లెక్చరర్ పోస్టు ఇంటర్వ్యూ. "ఏం కనిపెట్టారమ్మా?" అని అడిగారు. "ఏమీ కనపడలేదండీ" అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోస్టు నా స్నేహితురాలికి వచ్చింది. నాకు ఒక ప్రైవేటు బీఈడీ కాలేజీ దిక్కయింది, ఈ రోజుకీ అదే. మా అమ్మ చాన్నాళ్లు శాపనార్థాలు పెట్టింది. "గామెకు నీ మీద ఏం పగనే బిడ్డా? నీ నోటికాడి బుక్క గుంజుకున్నది గదనే!" పగా, పట్టింపా, లేక నామీద ఏ మూలో కాస్త ప్రేమ ఉందా? అది తెలుసుకోవాలనే ఆమె రిటైరైన తర్వాత కూడా తార్నాకలో ఆ ఇంటికి పోతూ వచ్చాను. భక్తితో అనుకునేరు, కాదు.

ఆ ఇంట్లో ఆమె, ఆమె చెల్లెలు ఉండేవారు. పోయిన ఏడు మేడమ్‌కు అన్నం సయించడం మానేసింది. మనిషి సగమయ్యారు. స్కాన్ తీసి, "ఏమీ లేదమ్మా, నిశ్చింతగా ఉండండి" అన్నాడు డాక్టరు.

"లేదా, కనపడలేదా?" అన్నారు మేడమ్. "మీ మిషన్‌కు ఎంత చిన్నది కనపడతాది నాయనా?"

డాక్టరు చిరాకుపడ్డాడు. ఇంటికొచ్చాక, ఇంకోచోట మళ్లీ పరీక్ష చేయించుకుంటానని ఆమె, వద్దని చెల్లెలు. "చాలక్కా, ఆ దేవుడు చల్లగా చూసినాడు. శుభమా అని ఉంటే మళ్లీ టెస్టులేంది?" అని ఆవిడ ఏడ్చింది. నేను తీసుకుపోయిన మైసూర్‌పాక్ డబ్బా మధ్యలో ఉంది. మేడమ్ మా ఇద్దరి మొహాలూ చూశారు. "సరేలేండి. మీరింత సంతోషంగా ఉంటే నేనెందుకు చెడగొట్టాల" అని ఒక ముక్క తీసుకున్నారు.

ఆవిడ వెన్నయింది ఆ ఒక్కసారే. చలికాలం వచ్చేసరికి, స్కాన్‌కు దొరకని క్యాన్సర్ కడుపంతా పాకింది. అప్పుడు కనపడింది, ఏ మిషన్ అక్కర్లేకుండా.

చివరివారం ఆసుపత్రికి వెళ్లాను. చెల్లెలు మందులకని కిందికి దిగింది. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడు అనిపించి, అడిగేశాను. "మేడమ్, నాకు ఉద్యోగం పోయిందని మీకెప్పుడన్న బాధైందా? నేనంటే మీకు ఏమన్న ఉన్నదా అసలు?"

ఆమె నా వైపు తల తిప్పారు. గొంతు పీలగా వచ్చింది. "ఏం కనపడితే నమ్ముతావు? అది ముందే చెప్పు."

చావబోతూ కూడా! నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏమని చెప్పను? చెయ్యి పట్టుకుంటే నమ్ముతానా? "అవును" అంటే నమ్ముతానా? ఏం చేసినా, పోయే ముందు జాలిపడి చేసిందనే అనుకుంటాను కదా. నేను చెప్పలేకపోయాను. ఆమె కళ్లు మూసుకున్నారు. చెల్లెలు వచ్చేసింది.

డిపార్ట్‌మెంట్‌లో సంతాప సభ పెట్టారు. నా స్నేహితురాలిప్పుడు అక్కడ పెద్ద ప్రొఫెసరు. తనే మైకు పట్టుకుని, "మేడమ్‌ది వెన్నలాంటి మనసు. స్కాలర్లంటే ప్రాణం పెట్టేవారు" అని కళ్లు తుడుచుకుంది. తర్వాత నన్ను పిలిచారు. నేను లేచి, "నేను ఆమె దగ్గర ఇన్నేళ్లు వెతికాను. ప్రేమ కనపడలేదు" అన్నాను. ఆమె చెల్లెలు తల దించుకుంది. "లేదు అనడానికి మాత్రం నేనెవరిని?" అని కూర్చున్నాను. మైకు గరగరమంది, అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అక్కడి నుంచి తార్నాకకు నడిచే వచ్చాను. మూల మీద జామకాయల బండి ఉంది. బండాయనకు తల నెరిసింది.

"మేడమ్ ఏది తల్లీ? శాన దినాలైంది."

"పోయింది."

అతను కత్తి కింద పెట్టాడు. "మస్తు సతాయించేది. కిలో కొనేదానికి మూడు కాయలు కోయించేది" అన్నాడు. అని ఒక కాయ తీసి కోసి, ఉప్పూ కారం అద్ది నాకిచ్చాడు. తియ్యగానే ఉంది. నేనేమీ అనకుండానే అటు పక్క నుంచి రెండోది తీసి కోశాడు. తర్వాత గంప అడుగున చెయ్యి పెట్టి మూడోది కూడా కోసి, ముక్క పట్టుకుని, నా పక్కన ఎవరూ లేని చోటికి చెయ్యి చాపి ఆగిపోయాడు.