సయాం నోటు వెనక ఏడు పేర్లు

పద్నాలుగేళ్లుగా ఈ మాట గొంతు దాకా వస్తుంది, మళ్లీ మింగేస్తాను. మా ఆవిడకు చెప్పలేదు. మా ఊరి చర్చి పాస్టరుగారికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఆ మాత్రం పిరికితనం ఇంకా ఉంది, ఏమనుకోకండి.

నాకు పాత నోట్ల పిచ్చి. అన్ని నోట్లూ కాదు. సయాం దేశానివి, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌వి, అందులోనూ రెండో ప్రపంచ యుద్ధం నాటివి మాత్రమే. కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో, ఓడ దిగిన ఒకాయన నాకు ఒకటి ఇచ్చాడు. చిన్న వయసు రాజు బొమ్మ, పలచటి కాగితం. యుద్ధంలో ఇంగ్లండు నుంచి నోట్లు రావడం ఆగిపోయి, దొరికిన కాగితం మీద అచ్చేసుకున్నారట. ఆ అవస్థంతా కాగితంలోనే కనబడేది. అదేం పిచ్చో, అప్పుడు పట్టుకున్నది ఇక వదల్లేదు.

వాకాడు దగ్గర మా ఊళ్లో, మా వీధిలోనే, జాకెట్లు కుట్టే సుగుణమ్మ ఉండేది. నాకంటే పాతికేళ్లు పెద్ద. నా సంగతి విని ఒకరోజు తన బైబిల్లోంచి ఒక నోటు తీసి చూపించింది. అలాంటిది నా దగ్గర లేదు. వెనకవైపు సన్నటి పెన్సిలు రాతలో ఏడు పేర్లు.

సుగుణమ్మ వాళ్ల నాయన వయసులో ఉండగా మలయా రబ్బరు తోటలకు కూలికి పోయాడు. యుద్ధంలో జపాను వాళ్లు ఆ కూలీలను పట్టుకెళ్లి సయాం అడవుల్లో రైలు దారి వేయించారు. తనతో ఉన్న మన జిల్లా వాళ్లు జ్వరాలతో ఒక్కొక్కరే రాలిపోతుంటే, బతికి తిరిగొస్తే వాళ్ల ఇళ్లలో చెప్పాలని, వేరే కాగితం లేక, ఆ నోటు వెనక పేర్లు రాసుకున్నాడు. వచ్చాడు. ఐదుగురి ఇళ్లు వెతికి చెప్పాడు. మిగిలిన ఇద్దరిదీ ఏ ఊరో ఆయనకు తెలియదు. తెలియకుండానే ఆయనా పోయాడు. ఆ ఐదుగురి కథలు సుగుణమ్మ మిషను తొక్కుతూ చెబుతుంటే విని విని నాకూ నోటికొచ్చేశాయి. ఆ ఇద్దరికీ కథ లేదు, సుగుణమ్మకు వాళ్ల పేర్లూ గుర్తులేవు. ఆ నోటు మీద తప్ప ఇంకెక్కడా వాళ్ల పేర్లు లేవు.

ఆ ఏడాది నెల్లూరులో ఒక స్కూలు హాల్లో పాత నోట్ల ప్రదర్శన పెట్టారు. నోటు అడిగాను. వెంటనే ఇచ్చింది. వెనకవైపు జనానికి కనబడేలా పెట్టమంది. ఆ ఇద్దరి తాలూకు వాళ్లు ఎవరైనా చూస్తారని ఆమె ఆశ. సరేనన్నాను.

కానీ నాకు కావలసింది రాజు బొమ్మ. కాగితం పలచన కాబట్టి వెనక రాత ముందువైపుకి మసకగా తేలి, నా శుభ్రమైన నోట్ల వరసలో అదొక్కటే మాసిన గుడ్డలా ఉంది. ఒక ఆదివారం పొద్దున మెత్తటి రబ్బరు తీసుకుని కూర్చున్నాను. కాస్త లేతగా చేద్దామనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? పేర్లు ముందు ఒక కాగితం మీద ఎక్కించుకోవాలన్న ఆలోచన కూడా వచ్చింది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఏడూ చెరిపేశాను. తడిపి, అద్దుడు కాగితాల మధ్య అణిచి, పెన్సిలు గీతల గుర్తు కూడా లేకుండా చదును చేశాను. పని బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. అన్నిటికంటే ఆ మురిపెం చెప్పడానికే నాకు సిగ్గుగా ఉంది.

ప్రదర్శన అయ్యాక నోటుకి అద్దం ఫ్రేము కట్టించాను. వెనక అట్ట బిగించాను. ఎందుకో మీకు తెలుసు. తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను.

"మా నాయన రాసింది ఎనకమాల అట్నే ఉండాది గదా సార్?"

"ఉందమ్మా. అట్ట తీయబాకండి. గాలి తగిలితే చెరిగిపోద్ది."

"నాకు కళ్లు ఆనడంలా. ఆ ఏడు పేర్లు పెద్దక్షరాలతో ఒక కాగితం మీద రాసియ్యండి. చర్చి గోడకి రాయి కొట్టిస్తా, రోడ్డున పొయ్యేవోళ్లకి కనబడేట్టు. ఆ ఇద్దరి మనుషులు ఎవరో ఒకరు ఈ దోవన రాకుండా పోతారా?"

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పి ఉంటే ఏమయ్యేది? తిట్టేది, ఏడ్చేది, నా ముఖం చూడకపోయేది. రాయి మీద ఐదు పేర్లు, కింద ఇంకో ఇద్దరు అని ఉండేది, అది నిజమై ఉండేది. నేను ఇంటికెళ్లి ఐదు పేర్లు రాశాను. మిగిలిన రెండూ ఎంత తలచుకున్నా గుర్తురాలేదు. ఆరోది మా హైస్కూలు లెక్కల మాస్టారి పేరు రాశాను. ఏడోది మా ఆఫీసు బస్సు డ్రైవరుది. ఇంటిపేర్లు మార్చాను. ఆ జాగ్రత్త కూడా తీసుకున్నాను చూడండి. సుగుణమ్మ ఆ కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, చివరి రెండు పేర్లు కూడబలుక్కుని రెండుసార్లు చదువుకుంది. వాళ్ల నాయన జ్ఞాపకార్థ కూటంలో ఏడు పేర్లూ చదివారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

రాయి పెట్టిన మూడో ఏడు సుగుణమ్మ పోయింది. పోయేదాకా, ఎవరైనా ఆ రాయి దగ్గర ఆగితే మిషను వదిలి వీధిలోకొచ్చి చూసేది. ఆమె పోయాక నా గుండెల మీద బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు.

పోయిన సంవత్సరం ఒక మధ్యాహ్నం బస్సు దిగి ఒకాయన ఆ రాయి ముందు నిలబడ్డాడు. యాభై ఏళ్లుంటాయి. ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదివాడు. ఎదురుగా టీ కొట్లో ఉన్నాను నేను. లేచి వెళ్లి, ఎవరు కావాలండీ అన్నాను.

"బుచ్చిరెడ్డిపాలెం కాడినించి వచ్చినా అన్నా. మా తాత వాళ్ల అన్న మలయాకి పొయినాడంట, మళ్లా రాలా. పెంచలయ్య ఆయన పేరు. ఈడ రాయి ఉండాదంటే చూసిపోదామని వచ్చినా. మా పెద్దాయన పేరు లేదులే."

నేను చెరిపిన రెండు పేర్లలో పెంచలయ్య ఉందా? అప్పటినుంచి కళ్లు మూసుకుంటే ఆ నోటే. ఆరో పేరు 'ప'తో మొదలైనట్టు అనిపిస్తుంది. అది నేను చూసినదో, అతను చెప్పాక నా బుర్ర కల్పించుకున్నదో తెలియడం లేదు. ఉందని చెప్పలేను. లేదని అసలే చెప్పలేను. అతని ఊరి పేరు పూర్తిగా అడగలేదు, ఫోను నంబరు తీసుకోలేదు. టీ తాగుతారా అన్నాను. తాగాడు. డబ్బులు నేనిస్తానంటే మొహమాటపడి దండం పెట్టాడు కూడా.

ఆ రాయి మీద ఆరో పేరు, ఏడో పేరు అబద్ధం. నేను పెట్టినవి. ఈ మాట రాశాక కొంచెం ఊపిరాడుతోంది. ఆడినందుకు కూడా సిగ్గుగానే ఉంది. అతను ఆ సాయంత్రం ఇంటికెళ్లి, అక్కడ మన పెద్దాయన పేరు లేదని చెప్పి ఉంటాడు.