నీలం బస్సు మీద సుద్దముక్క రాతలు

బాంబు పడి బడి కప్పు లేచిపోయాక లెక్కల టీచరమ్మ తన తరగతిని బస్సుల షెడ్డులోకి మార్చింది. పుస్తకాలు మంటల్లో పోయాయి. భాష చెప్పే మాస్టారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఊరు దాటేశాడు. పిల్లలేమో పద్యాలు కావాలంటూ ఆవిడ ప్రాణం తోడేస్తున్నారు. ఆవిడకు పద్యమంటే చిన్నప్పటినుంచీ చలిజ్వరం. తల గోక్కోగా గోక్కోగా హైకూ గుర్తొచ్చింది. మూడే పాదాలు, ఐదు, ఏడు, మళ్లీ ఐదు అక్షరాలు.

“ఇదీ లెక్కే కదర్రా! వేళ్లు మడుచుకుని రాసేయండి,” అంది.

బోర్డు లేదు. చెడిపోయి షెడ్డులో మూలనపడ్డ నీలం బస్సే బోర్డయింది. అందరూ వసపిట్ట అని పిలిచే వాగుడుకాయ ముందుగా సుద్దముక్క అందుకుంది.

మోగింది గంట
సైరన్ అనుకున్నాము
బల్లల కింద

అంతలో ఆ పిల్ల తమ్ముడు మునివేళ్ల మీద లేచి రాశాడు.

కప్పెగిరింది
లెక్కల క్లాసులోకి
పిట్ట వచ్చింది

టీచరమ్మ పక్కున నవ్వింది. ఇక పిల్లలు ఆగితేనా! వారం తిరిగేసరికి బస్సు ఎడమవైపంతా హైకూలే.

కాల్పులు ఆగాయి. కూలిన ఏటి వంతెన బాగుపడింది. అవతలి ఒడ్డున డేరాల్లో తలదాచుకున్నవాళ్లకు సామాను చేర్చాలని డ్రైవరు ఆ బస్సునే బాగుచేసి బయటికి తీశాడు. టీచరమ్మ తడిగుడ్డ పట్టుకుని పరుగెత్తింది.

“అన్నయ్యా, ఆగండి! తుడిచేస్తాం!”

“తుడిస్తే ఊరుకోను తల్లీ! ఈ డొక్కు బండిని ఇన్నాళ్లూ ఎవరైనా కన్నెత్తి చూశారా? ఇవాళ ఊరంతా చదువుతుంది!”

ఆ పూట ఎవరికీ కాలు నిలవలేదు. లెక్కల టీచరమ్మే ఏడెనిమిదులు అరవై అని వేసి పిల్లలకు దొరికిపోయింది.

సాయంత్రం బస్సు తిరిగొచ్చింది. ఖాళీగా వెళ్లిన కుడివైపు సుద్ద రాతలతో నిండిపోయి ఉంది.

“నేను రాయించలేదమ్మా!” డ్రైవరు కిందకి దూకాడు. “సామాను దించేలోగా పిల్లలు మీదపడ్డారు. ఇవి మా బడివాళ్ల రాతలేనని ఒకటే గోల!”

వెనక చక్రం దగ్గర వసపిట్ట వంగి ఒకటి చదివింది.

డేరాలో ఉన్నా
నీ పక్క చోటు నాదే
ఉంచు, వస్తాను

కింద సంతకానికి బదులు ఉంగరాల జుట్టు బొమ్మ. బడిలో తన పక్కన కూర్చునే నేస్తం అది. బాంబు పడ్డ రోజునుంచీ ఉందో లేదో తెలియదు.

“బతికే ఉంది టీచర్! అది బతికే ఉంది!” ఆ గావుకేకకు షెడ్డు దద్దరిల్లింది. మిగతావాళ్లూ ఒకరినొకరు తోసుకుంటూ తమ నేస్తాల చేతిరాతలు వెతుక్కున్నారు.

“అన్నయ్యా, రేపు మాకూ చోటుంటుందా?” టీచరమ్మ డ్రైవరు వైపు తిరిగింది.

“సామాను ఒళ్లో పెట్టుకుంటే ఎందుకుండదు?”

మర్నాడు డేరాల ముందు బస్సు ఆగీ ఆగకముందే అక్కడి పిల్లలు తలుపులోంచి కొందరు, కిటికీల్లోంచి కొందరు లోపలికి వచ్చిపడ్డారు. కావలింతలు, ఏడుపులు, సీట్ల కోసం కొట్లాటలు. టీచరమ్మ పాఠం మొదలుపెట్టాలని నోరు తెరిచింది గానీ ఎవరికీ వినిపించలేదు. ఆ అల్లరి విని ఎన్నాళ్లయిందో! మెట్టు మీద చతికిలబడి, అలిసేదాకా అరవనిచ్చింది.